పసిపాప జాగారం, తల్లి పథ్యం

1985లో ఒకే ప్రశ్నకు రెండు జవాబులు వెలువడ్డాయి. రాత్రుళ్లు పదేపదే లేచి ఏడ్చే పసిబిడ్డకు అసలేమైంది అన్నదే ఆ ప్రశ్న. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో నిద్ర సమస్యల విభాగాన్ని నడిపిన రిచర్డ్ ఫెర్బర్ ఆ ఏడాది 'సాల్వ్ యువర్ చైల్డ్స్ స్లీప్ ప్రాబ్లమ్స్' అనే పుస్తకం ప్రచురించారు. బిడ్డలందరూ రాత్రి అనేకసార్లు మేలుకుంటారనీ, ఎత్తుకున్న చేతులో నోట్లోని పాలసీసానో లేనిదే తిరిగి నిద్రలోకి జారుకోవడం అలవాటు కాని బిడ్డ మాత్రమే ఇల్లంతటినీ లేపుతుందనీ అందులో వివరించారు. ఆయన దృష్టిలో చిక్కు అలవాటులో ఉంది. అదే ఏడాది బ్రస్సెల్స్ నగరంలోని ఆంద్రే కాన్ బృందం 'పీడియాట్రిక్స్' పత్రికలో చిన్న వ్యాసమొకటి ప్రకటించింది. పుట్టిన కొద్దిరోజుల నుంచీ నిద్రలేక ఏడుస్తున్న ఎనిమిది మంది శిశువుల ఆహారంలోంచి ఆవుపాలు తీసివేయగానే నిద్ర కుదిరిందనీ, తిరిగి ఇవ్వగానే చెదిరిందనీ ఆ వ్యాసం సారాంశం. వీరి దృష్టిలో చిక్కు పాలలో ఉంది.

నలభై ఏళ్లు గడిచినా ఈ రెండు జవాబులూ తల్లిదండ్రుల చెవుల్లో పోటీ పడుతూనే ఉన్నాయి. ఇంగ్లండులో వైద్యం చేసే నాబోటి తెలుగువారిని, దేశం విడిచివచ్చి తొలిచూలు బిడ్డను పెంచుకుంటున్న తల్లులు తరచుగా అడిగే మాట ఒకటుంది: "పాలు పడటం లేదేమో, నేను పెరుగు మానేయనా?" ఈ మధ్య మాథ్యూ స్మిత్ రాసిన 'అనదర్ పర్సన్స్ పాయిజన్' (2015) అనే ఆహార అలర్జీ చరిత్ర చదివినప్పుడు, ఆ ప్రశ్న వెనుక ఎంత పొడవైన కథ ఉందో తెలిసివచ్చింది. స్మిత్ పుస్తకం పసివారి నిద్ర గురించినది కాదు. ఒక మనిషికి అన్నమైనది మరొకరికి విషమెలా అవుతుందన్న వివాదం వైద్యులను వందేళ్లుగా ఎలా రెండు వర్గాలుగా చీల్చిందో చెప్పే పుస్తకమది. ఆ వివాదానికి పసిపాప ఉయ్యాల దగ్గర జరిగిన అధ్యాయాన్ని ఇక్కడ పరిచయం చేయాలని ఈ ప్రయత్నం.

పాల మీద పడిన మొదటి నింద

మాట చెప్పలేని బిడ్డ ఏడిస్తే పెద్దలకు ముందుగా అనుమానం వచ్చేది అది తాగిన పాల మీద, ఆ పాలిచ్చిన తల్లి తిన్న తిండి మీద. ఇది ఏ ఒక్క దేశపు ఆలోచనా కాదు. చరక సంహిత స్తన్యదోషాలను ఎనిమిదిగా లెక్కపెట్టింది. రుచి చెడటం, నురగ కట్టడం, రంగు మారడం, దుర్వాసన, జిగట, బరువు మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. నీటిలో వేసినప్పుడు చక్కగా కలిసిపోయే పాలే శుద్ధమైనవని పరీక్ష కూడా చెప్పారు ప్రాచీనులు. తల్లి గురుపదార్థాలూ విరుద్ధాహారమూ తింటే పాలు చెడి బిడ్డ జబ్బు పడుతుందని సుశ్రుతుడి మతం. నేపాల్‌లో దొరికిన అసంపూర్ణ తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో అచ్చయిన కాశ్యప సంహితలో వేదనాధ్యాయం అనే ఒక అపురూపమైన భాగం ఉంది. బిడ్డ ఎలా ఏడుస్తోంది, ఎక్కడ తడుముకుంటోంది, ఎలా పడుకుంటోంది అన్నదాన్ని బట్టి నొప్పి ఎక్కడుందో ఊహించే విద్య అందులో చెప్పారు. కడుపునొప్పి గల బిడ్డ చన్ను విడిచి ఏడుస్తుందని, పొట్ట బిగుసుకుంటుందని, ముఖాన చెమట పడుతుందని అందులోని పరిశీలన. నేటి వైద్య విద్యార్థికి చెప్పినా తప్పుపట్టవలసింది లేదు.

ఇంగ్లండులోనూ ఇదే ధోరణి. 1540లలో థామస్ ఫేయర్ అనే న్యాయవాది, వైద్యుడు ఇంగ్లీషులో శిశువైద్యంపై తొలి పుస్తకంగా పేరుపొందిన 'ది బోక్ ఆఫ్ చిల్డ్రెన్' రాశారు. వర్జిల్ మహాకావ్యాన్ని ఇంగ్లీషులోకి అనువదించడానికి పూనుకున్నదీ ఈయనే. అపరిమితమైన జాగరణను పసివారి రోగాలలో ఒకటిగా ఎంచి, దానికి ముఖ్యకారణం తల్లి పాలు చెడటమేనని ఆయన నిర్ణయించారు.

మన ఇళ్లలో బాలింత పథ్యం ఈ ఆలోచన మీదనే నిలబడింది. దుంపలు వాతం, శనగపప్పు వాయువు, పెరుగు చలువ. తల్లి తింటే బిడ్డకు కడుపునొప్పి. పాత బియ్యపన్నం, వెల్లుల్లి కారం, సొంఠి, నెయ్యి మాత్రమే నిరపాయం. అయినా బిడ్డ నిద్రపోకపోతే ఉప్పు దిగదుడిచి దిష్టి తీయడం, వాము నీళ్లు పట్టడం, తల్లిపాలతో వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం. వాగుడుకాయ పిల్లలను 'వసపిట్ట' అనడం ఆ అలవాటు భాషలో మిగిల్చిన గుర్తు. వసలో ఉండే ఒక రసాయనం వల్ల హాని ఉందని 1968లో అమెరికా ప్రభుత్వం దానిని ఆహారంలో వాడటాన్ని నిషేధించిన సంగతి మన ఇళ్ల దాకా రాలేదు.

ఈ పాత నమ్మకాలను ఎగతాళి చేయడం సులువు. కానీ గమనించవలసినది వేరే ఉంది. బిడ్డ ఏడుపుకూ తల్లి కంచానికీ ముడిపెట్టే ఆ వంతెన ఆధునిక వైద్యం రాకతో కూలిపోలేదు. పేరు మార్చుకుని, శాస్త్రీయ వేషం వేసుకుని తిరిగి వచ్చింది.

నిద్రపుచ్చే సీసాలు

మధ్యలో ఒక చీకటి అధ్యాయం గడిచింది. కారణం వెతకడం మాని, బిడ్డ నోరు మూయించడమే వైద్యమైన కాలమది. పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఇంగ్లండులో అమ్ముడైన గాడ్‌ఫ్రీ కార్డియల్‌లో నల్లమందు ఉండేది. మిల్లుల్లో పనిచేసే తల్లులు బిడ్డలను నిద్రపుచ్చి పనికి వెళ్లడానికి అదే ఆధారమైంది. 1849లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టిన మిసెస్ విన్‌స్లో సూదింగ్ సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. బిడ్డలు నిద్రపోయారు, కొందరు మళ్లీ లేవలేదు. సీసాలో ఏముందో పైన రాయాలని శాసించిన 1906 నాటి అమెరికా చట్టం వచ్చేదాకా ఆ తల్లులకు తాము ఏం పట్టిస్తున్నదీ తెలియదు.

మనకు బాగా పరిచయమైన గ్రైప్ వాటర్ కథ ఇంత భయంకరం కాదు. 1851లో నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన ఆ మందులో సోపును పోలిన ఒక గింజ నూనె, వంటసోడా, చక్కెర, కాస్త ఆల్కహాల్ ఉండేవి. బ్రిటిషు పాలనతో పాటు భారతదేశం చేరి, మన ఇంటి అలమరలో స్థిరపడింది. బ్రిటన్‌లో దానిలోంచి ఆల్కహాల్ తొలగించింది 1990లలో మాత్రమే. మూడు తరాల అమ్మమ్మలు మెచ్చుకున్న ఆ మందు గుణంలో సోపువాసన పాలెంత, చక్కెర పాలెంత, ఆల్కహాల్ పాలెంత అన్నది ఆలోచించవలసిన విషయం.

అలర్జీ అనే మాట పుట్టాక

1906లో వియన్నాకు చెందిన శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 'అలర్జీ' అనే మాటను సృష్టించారు. ఒక పదార్థం శరీరంలో ప్రవేశించాక, దానిపట్ల శరీరపు స్పందన మారిపోవడం అని ఆయన ఉద్దేశం. పాతకాలపు స్తన్యదోషానికి కొత్త ప్రాణం పోయడానికి ఈ మాట చాలింది. 1921లో అమెరికన్ వైద్యుడు డబ్ల్యు. ఆర్. షానన్, తల్లి తిన్న ఆహారంలోని ప్రొటీన్లు ఆమె చనుబాలలోకి చేరుతున్నాయని గినీపందులపై ప్రయోగం చేసి చూపించారు. ఇది సామాన్యమైన సంగతి కాదు. తల్లి కంచానికీ బిడ్డ కడుపుకూ మధ్య దారి ఉందన్న అమ్మమ్మల ఊహకు మొదటిసారి ప్రయోగశాల సాక్ష్యం దొరికింది.

అక్కడి నుంచి స్మిత్ పుస్తకంలోని ప్రధాన కథ మొదలవుతుంది. కాలిఫోర్నియాలో ఆల్బర్ట్ రోవ్ అనే వైద్యుడు, అనుమానమున్న పదార్థాలన్నీ మాన్పించి ఒక్కొక్కటే తిరిగి చేర్చే పద్ధతిని 1920లలో రూపొందించి, 1931లో ఆహార అలర్జీపై పెద్ద గ్రంథమే రాశారు. తలనొప్పి, అలసట, పిల్లల మొండితనం మొదలు అనేక బాధలకు మూలం ఆహారమేనని ఆయన వర్గం వాదించింది. చర్మపరీక్షలో రుజువు కానిది అలర్జీయే కాదని మరో వర్గం పట్టుబట్టింది. 1966లో ఇషిజాకా దంపతులు అలర్జీకి కారణమైన ప్రతిరక్షకాన్ని గుర్తించినట్టు ప్రకటించాక, రెండో వర్గానిది పైచేయి అయింది. రక్తంలో కొలవగలిగినది నిజం, కొలవలేనిది భ్రమ అన్న విభజన ఏర్పడింది. రెండింటి మధ్య నలిగినది పసిబిడ్డ. ఎందుకంటే పసివారిలో పాలు పడకపోవడం చాలాసార్లు ఆ ప్రతిరక్షకంతో సంబంధం లేకుండానే, కొన్ని గంటలకో రోజులకో, వాంతులుగానో విరేచనాలుగానో బయటపడుతుంది. రక్తపరీక్షకు అది దొరకదు.

పాలకూ నిద్రకూ ముడివేసిన మరో భయంకరమైన ఊహ 1960లో వచ్చింది. రాబిన్ కూంబ్స్, ఇతర శాస్త్రవేత్తలు 'లాన్సెట్' పత్రికలో, ఉయ్యాలలో హఠాత్తుగా మరణించే శిశువుల చావుకు కారణం ఆవుపాల అలర్జీ కావచ్చునన్నారు. నిద్రలో కక్కిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి, అప్పటికే ఆ పాలంటే పడని శరీరం నిశ్శబ్దంగా కుప్పకూలుతుందని వారి తర్కం. గినీపందుల్లో అది నిజంగానే జరిగింది. మనుషుల బిడ్డల విషయంలో మాత్రం చివరికి తేలిన కారణాలలో అతి ముఖ్యమైనది బోర్లా పడుకోబెట్టడం. బ్రిటన్‌లో 1991లోనూ, అమెరికాలో 1994లోనూ వెల్లకిలా పడుకోబెట్టండని ప్రచారం మొదలయ్యాక ఆ మరణాలు బాగా తగ్గాయి. కడుపునొప్పి తగ్గుతుందని బిడ్డను బోర్లా నిద్రపుచ్చే పెద్దలు మన ఇళ్లలో నేటికీ ఉన్నారు కాబట్టి ఈ ముక్క నొక్కి చెప్పవలసి వస్తోంది.

మామూలు రాత్రి అంటే ఏది?

ఏది జబ్బో తేల్చాలంటే ఏది జబ్బు కాదో ముందు తెలియాలి. ఆశ్చర్యమేమంటే, పసిబిడ్డ ఎంతసేపు ఏడవడం సహజం, ఎన్నిసార్లు లేవడం సహజం అని ఎవరైనా ఓపిగ్గా లెక్కపెట్టినది ఇరవయ్యో శతాబ్దం సగం గడిచాకనే. 1954లో అమెరికాలోని న్యూహేవెన్‌లో మోరిస్ వెస్సెల్ బృందం 98 మంది శిశువులను పరిశీలించింది. రోజుకు 3 గంటలకు పైగా, వారానికి 3 రోజులకు పైగా, 3 వారాలకు పైగా ఏడిస్తే దానిని శిశువుల కడుపునొప్పిగా, ఇంగ్లీషులో కోలిక్‌గా, లెక్కించాలన్న సూత్రం వారిదే. 1962లో టి. బెర్రీ బ్రేజల్టన్ 80 మంది ఆరోగ్యవంతులైన బిడ్డల తల్లుల చేత దినచర్య రాయించారు. ఏ జబ్బూ లేని బిడ్డల్లో సైతం ఏడుపు వారం వారం పెరిగి, ఆరో వారానికి రోజుకు సుమారు 2 గంటల 45 నిమిషాలకు చేరి, తరువాత దానంతట అదే తగ్గుతోందని తేలింది.

ఏడుపు ఒక లెక్క, నిద్ర మరొక లెక్క. లండన్‌లో మూర్, యూకో అనే పరిశోధకులు 1957లో ప్రకటించిన అధ్యయనంలో, అర్ధరాత్రి నుంచి ఉదయం 5 గంటల వరకు లేవకుండా ఉండటాన్ని 'కుదురుకోవడం' అన్నారు. మూడు నెలలకు 70 శాతం మంది, ఆరు నెలలకు 83 శాతం మంది కుదురుకున్నారు. సుమారు పదోవంతు మంది ఏడాది నిండినా కుదురుకోలేదు. కుదురుకున్నవారిలోనూ చాలామంది తరువాతి నెలల్లో మళ్లీ లేవడం మొదలుపెట్టారు.

ఈ అంకెల వెనుక ఒక ఉచ్చు ఉంది. ఆరో వారంలో ఏడుపు శిఖరానికి చేరినప్పుడు తల్లి ఓర్పు కూడా తెగుతుంది. సరిగ్గా అప్పుడే ఏదో ఒకటి మానేస్తుంది. పప్పో, పెరుగో, వంకాయో. తరువాతి వారాల్లో ఏడుపు ఎలాగూ తగ్గేదే. తగ్గుతుంది. మానేసిన పదార్థం దోషిగా నిలిచిపోతుంది. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగాయి. పండును కాకే పడగొట్టిందని నమ్మకం. మన తర్కశాస్త్రం కాకతాళీయ న్యాయమని పేరు పెట్టినది దీనికే. శిశువైద్యమంతటిలో ఆ న్యాయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

మాల్మో నుంచి బ్రస్సెల్స్ దాకా

కాకిని మళ్లీ వాలనిచ్చి చూస్తే తప్ప నిజం తెలియదు. ఆ పని మొదట శ్రద్ధగా చేసినవారు స్వీడన్‌లోని మాల్మోకు చెందిన ఇరీన్ యాకబ్‌సన్, టోర్ లిండ్‌బర్గ్. 1978లో వారు 18 మంది పాలిచ్చే తల్లుల చేత ఆవుపాలు మాన్పిస్తే 13 మంది బిడ్డలకు కడుపునొప్పి పోయిందని ప్రకటించారు. 1981లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ పరిశోధకులు, తల్లులకు తాము ఏది తాగుతున్నదీ తెలియకుండా జరిపిన పరీక్షలో అలాంటి సంబంధమేదీ కనబడలేదన్నారు. మాల్మో వారు వెనక్కి తగ్గలేదు. 1983లో 66 మంది తల్లులతో మరింత కట్టుదిట్టమైన అధ్యయనం ప్రచురించారు.

ఆ అధ్యయనంలోని అంకెలు కొంచెం ఆగి చూడదగినవి. తల్లి పాలు మానగానే 35 మంది బిడ్డలకు నయమైంది. ఇక్కడితో ఆపి ఉంటే సగానికి పైగా బిడ్డలకు ఆవుపాలు పడవని తీర్పు వచ్చేది. కానీ తల్లులు తిరిగి పాలు తాగినప్పుడు, కనీసం రెండుసార్లు పరీక్షించి చూస్తే, బాధ తిరిగి వచ్చింది 23 మందికే. మిగిలిన 12 మందికి నయం చేసినది కాలం. ఆ 23 మందిలో 16 మంది చేత పాలలోని ప్రొటీన్‌ను, ఎవరికీ తెలియకుండా మారుమందుతో కలిపి పరీక్షిస్తే, చివరిదాకా నిలిచిన పది మంది బిడ్డల్లో తొమ్మిది మంది స్పందించారు. అంటే పాలు పడని బిడ్డలు నిజంగానే ఉన్నారు. వారి పక్కన నిలబెట్టిన నిరపరాధులూ ఉన్నారు. ఇద్దరినీ వేరు చేసినది పాలు మాన్పించడం కాదు, తిరిగి తాగించడం.

ఇవన్నీ పగటి ఏడుపు గురించిన ప్రయోగాలు. రాత్రి నిద్రను నేరుగా తాకినది బ్రస్సెల్స్ బృందమే. 1985 నాటి ఎనిమిది మంది తరువాత, 1989లో వారు ఐదేళ్లలోపు పిల్లలు 146 మందిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. ముందు వారిలో ఇతర కారణాలున్నవారిని విడదీశారు. ఏ కారణమూ దొరకక మిగిలినవారు 17 మంది. వారికి, ఇస్తున్నది ఏదో తల్లిదండ్రులకు గాని పరిశీలకులకు గాని తెలియని రీతిలో పాలు మాన్పించి, తిరిగి ఇచ్చి చూశారు. దాదాపు అందరిలోనూ పాలతో పాటే నిద్రలేమి పోయి, పాలతో పాటే తిరిగి వచ్చింది. మొత్తం మీద, నిద్రలేదని తమ దగ్గరకు వచ్చిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి కారణం పాలేనని వారి లెక్క.

పద్ధతి నిష్కళంకం. కానీ ఆ 'పదిమందిలో ఒకరు' అన్న మాట ఊరందరి బిడ్డల గురించి కాదు. అన్ని ప్రయత్నాలూ విఫలమై, ఒక పెద్ద ఆసుపత్రి నిద్రశాల దాకా పంపించబడిన పిల్లల గురించి. వీధి చివరి చెరువులో ఎన్ని చేపలున్నాయో చేపల బజారులో లెక్కపెట్టి చెప్పలేం గదా.

వచ్చిపోయిన ఒక వ్యాధి పేరు

అయినా ఆ పరిశోధన ప్రభావం పెద్దదే. 1990లో అంతర్జాతీయంగా నిద్రవ్యాధులన్నిటినీ వర్గీకరించి అచ్చువేసిన గ్రంథంలో 'ఆహార అలర్జీ నిద్రలేమి' అనే వ్యాధికి సొంత పేరు, సొంత సంఖ్య దక్కాయి. 2005లో వచ్చిన రెండో కూర్పులో ఆ పేరు లేదు. దాని స్థానంలో పిల్లలకు ప్రత్యేకంగా కనబడేది 'అలవాటు వల్ల కలిగే బాల్య నిద్రలేమి'. పదిహేనేళ్లలో ఒక వ్యాధి పుట్టి, గిట్టింది. 1985లో మొదలైన పోటీలో బ్రస్సెల్స్ ఓడి, బోస్టన్ గెలిచినట్టే పైకి కనిపిస్తుంది.

నా ఉద్దేశంలో ఎవరూ ఓడలేదు. పట్టిక నుంచి పేరు తీసివేసినంత మాత్రాన ఆ పదిహేడు మంది పిల్లల నిద్ర అబద్ధం కాలేదు. వారి బాధ 'ఒంట్లోని ఇతర జబ్బుల వల్ల కలిగే నిద్రలేమి' అనే పెద్ద గూటిలోకి చేరింది. పాలు పడని బిడ్డకు నిద్రలేమి తరచు ఒంటరిగా రాదు. దాని వెంట ఇతర లక్షణాలు వస్తాయి. ఒళ్లంతా దురదపెట్టే తామర, మలంలో రక్తం, ఆగని వాంతులు, బరువు పెరగకపోవడం. ఇవి ఉన్న బిడ్డ నిద్రపోకపోతే పాలను అనుమానించడం వైద్యుడి విధి. ఇవేవీ లేని బిడ్డ రాత్రి రెండుసార్లు లేస్తే పాలను అనుమానించడం తొందరపాటు.

ఇక్కడ ఒక మాటల చిక్కు కూడా విప్పాలి. తెలుగులో 'పాలు పడవు' అన్న ఒక్క మాటే రెండు వేర్వేరు సంగతులకు వాడతాం. ఒకటి పాలలోని ప్రొటీన్‌తో వచ్చే అలర్జీ. రెండోది పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగకపోవడం. భారతీయుల్లో ఆ చక్కెరను అరిగించే ఎంజైము లోపం గురించి 1972లోనే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు రాశారు. పెద్దల్లో అది సర్వసాధారణం. కానీ ఆ లోపం బాల్యం కొంత గడిచాక వచ్చేది. తల్లిపాలలోనే సుమారు 7 శాతం లాక్టోజ్ ఉంది. దానిని అరిగించుకోలేని స్థితిలో పుట్టే బిడ్డ అత్యంత అరుదు. తాతగారికి పాలు పడవు కాబట్టి మనుమడికీ పడవేమో అన్న అనుమానానికి ఇక్కడ తావులేదు.

నిందితుల జాబితా పెరిగినప్పుడు

కథ ఇక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. కానీ గత ఇరవై ఏళ్లలో గడియారపు లోలకం మళ్లీ అటు ఊగింది. పాలు పడని బిడ్డలను వైద్యులు సకాలంలో గుర్తించడం లేదన్న నిజమైన ఫిర్యాదుతో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఏడుపు, కక్కడం, దద్దుర్లు, మలబద్ధకం, విరేచనాలు వంటి లక్షణాలు రెండు మూడు ఉంటే ఆవుపాల అలర్జీని తలచుకోమన్నాయవి. ఫలితం ఇంగ్లండులో స్పష్టంగా కనిపించింది. 2006లో అలర్జీ బిడ్డలకు ఇచ్చే ప్రత్యేక పాలపొడి చీటీలు సుమారు 1,05,000. 2016 నాటికి అవి 6,00,000 దాటాయి. వాటిపై ప్రభుత్వ వ్యయం 81 లక్షల పౌండ్ల నుంచి 6 కోట్ల పౌండ్లకు పైగా పెరిగింది. ఈ లెక్కలను 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బయటపెట్టి, మార్గదర్శకాల వెనుక పాలపొడి కంపెనీల ధనప్రమేయాన్ని ప్రశ్నించినది క్రిస్ వాన్ టుల్లెకెన్. కర్మాగారపు ఆహారం మీద ఆయన రాసిన పుస్తకం ద్వారా చాలామంది పాఠకులకు పరిచితులే.

బిడ్డలకు నిజంగా జబ్బు పెరిగిందా? తొమ్మిది ఐరోపా దేశాల్లో 12,000 మందికి పైగా శిశువులను రెండేళ్ల వయసు వరకు అనుసరించి, అనుమానమున్న ప్రతివారికీ పాలు తిరిగి ఇచ్చి పరీక్షించిన అధ్యయనం 2015లో వెలువడింది. రుజువైన అలర్జీ సుమారు అరశాతం. మరోవైపు, బ్రిటన్‌లో 1,303 మంది మామూలు శిశువుల వివరాలను మార్గదర్శకాల కొలబద్దతో 2022లో సరిచూస్తే, వారిలో నాలుగింట మూడు వంతుల మందికి మొదటి ఏడాదిలో ఏదో ఒక నెల 'ఆవుపాల అలర్జీ లక్షణాలు' ఉన్నాయని తేలింది. వందకు డెబ్బై అయిదు మందికి వర్తించే లక్షణాన్ని జబ్బు అనలేం. దానిని పసితనం అంటారు. 2020లో వచ్చిన మరో సమీక్ష, పాలు వాడే తల్లి చనుబాలలో చేరే ఆవుపాల ప్రొటీన్, అలర్జీ రుజువైన బిడ్డల్లో సైతం అత్యధికులకు చాలనంత స్వల్పమని లెక్కగట్టింది. మాల్మో అంకెలతో ఇది పూర్తిగా పొసగదు. ఆ వాదం నేటికీ తెగలేదు.

ఆహారం తీసివేయడమే కాదు, చేర్చడమూ ఇదే పరీక్షకు నిలబడాలి. పడుకునే ముందు ఉగ్గో జావో పెడితే బిడ్డ తెల్లారేదాకా నిద్రపోతుందన్న నమ్మకాన్ని 1989లో అమెరికాలో పరీక్షిస్తే తేడా ఏమీ కనబడలేదు. 2018లో బ్రిటన్‌లో మూడు నెలల నుంచే ఘనాహారం మొదలుపెట్టిన బిడ్డలు, ఆరు నెలల వయసులో రాత్రికి సుమారు 17 నిమిషాలు అదనంగా నిద్రపోయారు. పదిహేడు నిమిషాలు! నిద్రకరువైన తల్లికి అదీ వరమే కావచ్చు గాని, అమ్మమ్మలు హామీ ఇచ్చిన తెల్లవారుజాము మాత్రం కాదు.

సగం పరీక్షకు మూల్యం

ఇంత చరిత్ర తిరగేశాక నాకు మిగిలిన విషయం ఒక్కటే. మానేయడం పరీక్షలో సగం. తిరిగి మొదలుపెట్టడం మిగతా సగం. చరకుడి కాలం నుంచి నేటి దాకా ఈ రెండో సగాన్ని వదిలేసిన ప్రతిచోటా తల్లి కంచం చిన్నదైంది.

అది ఉత్త మాట కాదు. శాకాహారి అయిన తెలుగు బాలింతకు పాలు, పెరుగు, మజ్జిగే మాంసకృత్తులకూ కాల్షియానికీ ప్రధానమైన ఆధారం. అవి పోతే, పథ్యం పేరిట పప్పు ఎలాగూ పోయి ఉంటే, ఇక మిగిలేది అన్నమూ కారప్పొడీ. పరాయి దేశంలో, పురిటికి వచ్చిన తల్లి వీసా గడువు తీరి వెళ్లిపోయాక, రాత్రంతా ఒంటరిగా బిడ్డను భుజానవేసుకు తిరిగే అమ్మాయికి ఈ ఆకలి కూడా తోడవుతుంది. దానికి తోడు, నా పాలే నా బిడ్డకు విషమయ్యాయన్న అపరాధ భావం. చాలామంది చనుబాలు మానేసేది ఆ దశలోనే. ఎదురుగా ఉన్న రెండో ప్రమాదం కూడా తక్కువది కాదు. నిజంగా పాలు పడని బిడ్డ, 'పిల్లలన్నాక ఏడవరా' అన్న మాట కింద నెలల తరబడి నలిగిపోవడం. మాల్మోలోని ఆ 23 మంది, బ్రస్సెల్స్‌లోని ఆ పదిహేడు మంది మనం మరచిపోకూడని బిడ్డలు.

ఇద్దరికీ న్యాయం చేసే దారి ఇప్పుడు తెలిసినదే. అనుమానానికి తగిన లక్షణాలుంటే, వైద్యుడికి చెప్పి, ఒక్క పదార్థాన్ని మాత్రమే, రెండు నుంచి నాలుగు వారాలు పూర్తిగా మానాలి. తల్లికి కాల్షియం లోటు రాకుండా చూసుకోవాలి. నిద్ర, ఏడుపు రోజూ కాగితం మీద రాసుకోవాలి. నిద్రలేని మనసు జ్ఞాపకాన్ని నమ్మడానికి వీల్లేదు. తరువాత, బిడ్డ ఎంత హాయిగా ఉన్నా సరే, తిరిగి మొదలుపెట్టి చూడాలి. బాధ తిరిగి వస్తే జవాబు దొరికినట్టు. రాకపోతే పెరుగు గిన్నె కంచం పక్కకు తిరిగి వచ్చినట్టు. పాలు తాగిన నిమిషాల్లో దద్దుర్లు లేచి, ముఖం ఉబ్బి, ఊపిరి ఆడని బిడ్డ సంగతి వేరు. అలాంటి బిడ్డకు ఇంట్లో ఈ ప్రయోగం తగదు. తిరిగి ఇవ్వడం ఆసుపత్రిలోనే జరగాలి.

స్మిత్ పుస్తకంలో నాకు నచ్చినది ఆయన ఏ వర్గం పక్షమూ తీసుకోకపోవడం. రోగి మాటను భ్రమగా కొట్టివేసిన వైద్యుల అహంకారాన్నీ, ప్రతి బాధకూ ఆహారమే మూలమన్న వైద్యుల అత్యుత్సాహాన్నీ ఒకే చేత్తో తూచారు. అలర్జీ గురించి ఆసక్తి ఉన్నవారు తప్పక చదవవలసిన పుస్తకం. పసిపిల్లలున్న ఇంట్లో దానితో పాటు ఫెర్బర్ పుస్తకం కూడా ఉంటే మంచిదే. ఆయన చెప్పిన ఓదార్పు పద్ధతి అందరికీ నచ్చకపోవచ్చు, మరీ చిన్నబిడ్డలకు అది పనికిరాదు కూడా. కానీ బిడ్డలందరూ రాత్రి మేలుకుంటారన్న ఆయన మొదటి వాక్యార్థం చాలు; ఆ ఒక్కటీ తెలిసిన తల్లి తన కంచంలోంచి ఏదైనా తీసివేసే ముందు నాలుగు రోజులు ఆగుతుంది.